నవమికీ దశమికీ నడుమ

ఆదోని,
నవంబరు 4

చిన్నాయనకు, ప్రజ్ఞ నమస్కరించి రాస్తున్నది.

చిన్నమ్మ పోయిన నాటి నుంచి మీరు ఫోను ఎత్తడం లేదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులకు కరువు లేదు గాని, ‘ఎవరూ రావద్దు, చెప్పవలసింది ఉంటే రాయండి’ అని మీరే నాన్నకు కబురు చేశారు. అందువల్ల ఈ కాలంలోనూ నేను తపాలా బిళ్ళ కొనవలసి వచ్చింది. అమ్మేవాడికే అది ఎక్కడుందో తెలియలేదు; సొరుగులన్నీ లాగి వెదికాడు.

రెండు విషయాలు.

మొదటిది నాది. అణుభౌతికశాస్త్రంలో మీకు వచ్చిన పతకాన్ని పురస్కరించుకొని మా కళాశాల డిసెంబరులో సభ పెడుతున్నది. మీరు రారని వారికి చెప్పాను. రాకపోయినా సభ జరుపుతారట. మీ జీవితం గురించి మాట్లాడవలసింది నేను. వక్తృత్వ బృందానికి నాయకురాలిని, పైగా మీ అన్న కూతురిని కనుక తప్పించుకొనే దారి లేదు. ఇప్పటికే వేయించిన బ్యానరు మీద ‘ఆదోని ముద్దుబిడ్డ, అణుబాంబు శాస్త్రవేత్త’ అని ఉన్నది. మా చిన్నాయన బాంబులు చేయలేదని ప్రిన్సిపాలుగారితో వాదించాను. ‘అణువంటే బాంబే కదమ్మా, జనానికి అట్లయితేనే అర్థమవుతాది’ అన్నారు. ఈ అజ్ఞానాన్ని సభలోనే ఖండించదలచాను. కావలసిన సామగ్రి మీరు ఇవ్వాలి: ఎక్కడ మొదలుపెట్టారు, ఏమి చేశారు, ఎందుకు చేశారు.

రెండవది నాన్నది. ఫిబ్రవరిలో చిన్నమ్మ మొదటి ఆబ్దికం. దానిని మా ఇంట్లో, మన గోత్రంతో జరిపించాలని నాన్న నిశ్చయించారు. ముప్పై ఏళ్ళపాటు ఆమెను పడసాల దాటి లోపలికి రానివ్వని మనిషి ఇప్పుడెందుకు మారాడో నన్ను అడగకండి. నేను అడిగాను, తిట్లు తిన్నాను. తిథి నిర్ణయించడానికి ఆయనకు ఒక్కటే కావాలి. చిన్నమ్మ ప్రాణం ఏ వేళకు పోయింది?

మొదటిదానికి వివరంగానూ, రెండవదానికి ఒక్క మాటలోనూ జవాబివ్వగలరు.

ప్రజ్ఞ

*

ఎమ్మిగనూరు,
నవంబరు 15

ప్రజ్ఞకు,

అడిగావు కనుక రాస్తున్నాను. వరుసగా రాస్తాను, అందంగా రాయను. అందం నీవు చేర్చుకో.

మా నాన్న మఠంలో పంచాంగం చెప్పేవారు. ఆదోనిలో మా వీధికి పడమట కొండ ఉంది. సూర్యుడు కొండ చాటుకు పోగానే నాన్న సంధ్యకు లేచేవారు. అన్నయ్య పంచాంగం తెరిచి, అస్తమయం ఇంకా కాలేదని ఆయనను ఆపేవాడు. ఇద్దరూ రోజూ వాదించుకొనేవారు. ఒకనాడు నేను కొండ ఎక్కి చూశాను. అవతలివైపు సూర్యుడు ఇంకా ఉన్నాడు. వచ్చి చెబితే ఇద్దరూ నన్నే కోప్పడ్డారు. కాలం ఒకటి, దానిని మనం చూసే చోటు మరొకటి అన్న సంగతి అప్పుడు తెలిసింది. దీనిని మహా జ్ఞానోదయమని సభలో చెప్పవద్దు. పిల్లవాడు కొండ ఎక్కాడు, అంతే.

ఆదోనిలో డిగ్రీ, బెంగుళూరులో పరిశోధన, తరువాత జర్మనీలో కొన్నేళ్ళు. అక్కడ ఒక్క పరమాణువును పట్టి ఉంచడం నేర్చుకున్నాను. స్ట్రాన్షియం పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రానును తీసివేస్తే దానికి విద్యుదావేశం వస్తుంది. గాలి లేని పెట్టెలో విద్యుత్ క్షేత్రంతో దానిని నడుమ తేలినట్టు నిలిపి, లేజరుతో చల్లబరుస్తాము. అది చేసే కంపనాలే గడియారానికి లోలకం. బెంగుళూరుకు తిరిగి వచ్చాక ఆ పెట్టెను మొదటినుంచి కట్టాను. పెట్టెలో గాలి మిగలకుండా చేయడానికే ఏళ్ళు పట్టింది. పని చేసినవారిలో చాలామంది మధ్యలో వెళ్ళిపోయారు. వారి తప్పు లేదు.

చివరికి విశ్వం వయసంత కాలం నడిచినా ఒక్క సెకను తేడా రాని గడియారం తయారైంది. పతకం అందుకు. దానిని అందుకోవడానికి నేను ఐరోపాకు వెళ్ళలేదు కనుక వాళ్ళే పంపారు. పెట్టె మంచం కింద ఉంది, విప్పలేదు.

మొదటి పరమాణువును పట్టిన రోజుల్లో మీ చిన్నమ్మ బెంగుళూరులో లెక్కల టీచరు. పెళ్ళికి ముందు ప్రయోగశాలకు తీసుకుపోయి ఆ పరమాణువును చూపించాను. చీకటిలో ఊదారంగు చుక్క. ఆమె చాలాసేపు చూసి, ‘ఇంత యంత్రం పెట్టి ఒక్కదాన్నే పట్టుకొచ్చినారా? తోడు కూడా లేకుండా? పాపం’ అన్నది. ఇది సభలో చెప్పవచ్చు.

అన్నయ్య ప్రశ్నకు: మధ్యాహ్నం. నిద్రలో.

హయగ్రీవ

*

ఆదోని,
నవంబరు 21

చిన్నాయనకు,

మొదటి భాగానికి కృతజ్ఞతలు. రెండవ భాగాన్ని నేను అంగీకరించడం లేదు.

మీ ఉత్తరం చదివి వినిపించగానే నాన్న పంచాంగం మూసి, కళ్ళజోడు తీసి, ‘మధ్యాహ్నమా? అదొక వేళనా? పప్పు ఉడికిందా అంటే పొయ్యి మింద ఉందన్నట్టుంది’ అన్నారు. ‘ఏమే, వాడు గడియారాలు చేసేవాడు గదా, లోకానికంతా టైము చెప్పినోనికి ఇంట్లో పెండ్లాం పోయిన టైము తెలియదంటే నమ్మాల్నా నేను?’

ఆయన కోపానికి కారణం ఉంది. ఆ రోజు మాఘ బహుళ నవమి. సూర్యుడు నడినెత్తికి రాకముందే నవమి పోయి దశమి వచ్చింది. మధ్యాహ్నమే అయితే దశమి. ఇందులో చిక్కు లేదు. అయితే చిన్నమ్మ తమ్ముడు ధనుంజయ మామ మొన్న పత్తి మార్కెట్టు దగ్గర నాన్నకు ఎదురుపడి, ‘మధ్యాన్నం యాడిదప్పా, బువ్వపొద్దు కాకమునుపే పోయింది మాయక్క’ అన్నాడు. అప్పటి నుంచి నాన్నకు నిద్ర లేదు. తప్పు తిథికి పెట్టిన పిండం ఎవరికీ చేరదని ఆయన నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. కాని ఒక ప్రశ్నకు జవాబు ఉండి కూడా అది దొరకకపోవడం నాకు మరింత దుర్భరం.

ధనుంజయ మామ పొరబడ్డాడని నిరూపించగలను. ఆధారం నేనే. ఆ ఉదయం నేను మీకు ఫోను చేశాను, గుర్తుందా? మరునాడు కర్నూలులో అంతర్ కళాశాలల వాదపోటీ చివరి విడత. ‘అణువును ఛేదించినవారు మానవజాతికి క్షమాపణ చెప్పాలి’ అన్న అంశం మీద నా వాదనంతా మీకు వినిపించాను. ‘నేను దేన్నీ ఛేదించలేదమ్మా, ఒక్కదాన్ని పట్టుకొని కూర్చున్నాను, నాకెందుకు శిక్ష’ అని మీరు పకపకా నవ్వారు. పదకొండు దాటాక మొదలైన మాటలు పన్నెండు దాకా సాగాయి. అప్పటికి దశమి వచ్చేసింది. ఇంట్లో అటువంటిది జరిగి ఉంటే మీరు నవ్వుతారా? కనుక ఆ వేళకు చిన్నమ్మ బతికే ఉన్నది. కనుక దశమి.

వాదన పటిష్ఠంగానే ఉన్నది. ఫోను సంగతి నాన్నకు ఇంకా చెప్పలేదు; చెప్పినా లాభం లేదు, ‘వాని నోటితో వినాల’ అంటున్నారు. ఆ గదిలో ఉన్నది మీరు. ఒక్క వాక్యం రాయండి.

ప్రజ్ఞ

*

ఎమ్మిగనూరు,
డిసెంబరు 3

ప్రజ్ఞకు,

జవాబు ఆలస్యమైంది. కారణం ఏమీ లేదు. ఈమధ్య పనులు ఆలస్యమవుతున్నాయి.

సభకు పనికివచ్చే మరొక విషయం రాస్తాను. ఆ చుక్క వెలుగుతూ ఉంటుందన్నాను కదా. గడియారపు లేజరు వేసినప్పుడు పరమాణువు ఒక స్థితి నుంచి మరొక స్థితికి దూకుతుంది. దూకిందా, చుక్క ఆరిపోతుంది. పరమాణువు అక్కడే ఉంటుంది, కనబడదు, అంతే. ఒకసారి చూస్తే వెలుగు. మళ్ళీ చూస్తే చీకటి. ఆ రెండు చూపుల మధ్యలో దూకింది. ఏ క్షణాన దూకిందో ఎవరూ చూడలేదు. లోకంలో అతి కచ్చితమైన గడియారం ఇటువంటి చూడని క్షణాల మీద నడుస్తుంది. మొదట్లో ఇది నన్ను బాధించేది. తరువాత అలవాటైంది.

తిథి విషయం. ధర్మశాస్త్రంలోనే దారి ఉందని అన్నయ్యకు నాకంటే బాగా తెలుసు. మరణతిథి తెలియనివారికి ఆ నెల అమావాస్యనాడు పెట్టవచ్చు. అమావాస్య అనుకోమని చెప్పు. నాకు ఆబ్దికం అవసరం లేదు. కాని అన్నయ్య ఇన్నాళ్ళకు ఆమె పేరు పలికాడు. కాదనే ఓపిక నాకు లేదు.

ఇక దీని గురించి అడగవద్దు.

హయగ్రీవ

*

ఆదోని,
డిసెంబరు 8

చిన్నాయనకు,

మీరు అడగవద్దన్నారు. పదేళ్ళ వయసులో నాకు ప్రశ్నించడం నేర్పినది మీరే కనుక ఈ ఆజ్ఞ చెల్లదు.

అమావాస్య అనేది తెలియనివారికి. యుద్ధంలో పోయినవారికి, దేశం పట్టిపోయినవారికి, ఏటిలో కొట్టుకుపోయినవారికి. భర్త ఇంట్లో ఉండగా మంచం మీద పోయిన మనిషికి కాదు. చిన్నమ్మ బతికినంతకాలం మా ఇంట్లో పేరు లేని మనిషిగానే ఉన్నది. ఒకసారి ఎండన పడి వచ్చి పడసాలలో కూర్చుంటే మంచినీళ్ళతోనే పంపించారు. అప్పుడు నేను చిన్నపిల్లను, ఐనా ఆ గ్లాసు గుర్తుంది. పోయిన తరువాత కూడా ఆమెను ఊరూ పేరూ తెలియనివారి వరుసలో కూర్చోబెడతారా? దీనికి నేను ఒప్పుకోను. ఆమెకంటూ ఒక దినం ఉండి తీరాలి.

మీరు చెప్పకపోతే మీ పద్ధతినే మీ మీద ప్రయోగిస్తాను. చుక్క చివరిసారి వెలుగుతూ కనబడినది ఎప్పుడు? మొదటిసారి ఆరిపోయి కనబడినది ఎప్పుడు? ఆ రెండు వేళలూ తెలిస్తే మధ్యకాలం ఏ తిథిలో పడుతుందో నాన్న చెబుతారు. క్షణం అక్కరలేదు.

ఆ రోజు ఇంట్లో మీరు కాక ఉన్న మనిషి ధనుంజయ మామ భార్య ఈరమ్మత్త ఒక్కతే. వచ్చే శనివారం ఎమ్మిగనూరు వచ్చి ఆమెను అడుగుతాను. మీరు ఎవరినీ రావద్దన్నారు కనుక మీ ఇంటికి రాను, పక్కనే ఉన్న ఆమె ఇంటికి వెళతాను. మాట తప్పినట్టు కాదు.

ప్రజ్ఞ

*

ఎమ్మిగనూరు,
డిసెంబరు 12

ప్రజ్ఞకు,

ఈరమ్మ దగ్గరకు వెళ్ళవద్దు. వాదన కాదు, అభ్యర్థన. దశమి అని రాసుకోమని అన్నయ్యకు చెప్పు. నేనే చెప్పానని చెప్పు.

హయగ్రీవ

*

ఆదోని,
డిసెంబరు 19

చిన్నాయనకు,

మీ ఉత్తరం సోమవారం చేరింది. నేను శనివారమే వెళ్ళి వచ్చాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈరమ్మత్త వాకిట్లో రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నది. నన్ను చూసి, ‘యాం పాపా, దారి తప్పి వచ్చినావా? మీ సిన్నాయన ఇల్లు పక్కన, ఇది సాలోళ్ళ ఇల్లు’ అన్నది. నీ కోసమే వచ్చానన్నాను. ‘నాకోసమా? మీ ఇండ్లల్లో నాతో ఏం పని పడిందమ్మా’ అని నవ్వి చాప వేసింది. సంగతి చెప్పాను. ఆమె రాట్నం ఆపలేదు.

‘ఇప్పుడు కావల్సొచ్చిందా మీ నాయినకు తిథి? బతికినన్ని దినాలు పిల్చి ఒక ముద్ద పెట్టినాడా? మాకు తిథీ గితీ లేదు పాపా. పెద్దలమాసకు అందరికీ కలిపి కొత్తకోక పెట్టి మొక్కుకుంటాం. అంతే.’

చివరిసారి ఆమెను బతికి చూసింది ఎప్పుడని అడిగాను.

‘గంజి తాపించి పోయినా. తాగింది. సాలు ఈరమ్మా అనింది. నేను ఇంటికి పోయి మగ్గం కాడ మా ఇంటాయప్పకు కండెలు అందిచ్చి, మళ్ళా గిన్నె తీసకపోదామని వచ్చినా. సూస్తే అయిపోయింది. సెయ్యి పట్టుకుంటే సల్లగుంది. ఎనక ఆస్పత్రి మేరి సిస్టరు వచ్చి సూసి, శానాసేపయిందక్కా అనింది.’

మళ్ళీ వచ్చినప్పటికి భోజనాల వేళ అయిందా అని అడిగాను.

‘యాడమ్మా. నేనింకా పొయ్యే ముట్టించల్య.’

అయితే చిన్నాయన పక్కనే ఉండి ఎందుకు గమనించలేదని అడిగాను. నా గొంతు కాస్త హెచ్చే ఉంటుంది. ఎదుటివారి వాదంలో పగులు కనబడినప్పుడు నాకు అలా అవుతుంది.

ఆమె అప్పుడు రాట్నం ఆపింది.

‘ఆయప్ప పక్కన యాడుండాడు పాపా? ఇంట్లో సిగ్నలు సరింగ రాదని మిద్దెమింద నిలబడి ఫోన్లో మాట్లాడతాండె. శానాసేపు మాట్లాడె. పకపకా నగుతాండె. ఆయప్ప నగు కిందికి ఇనపడతాండె నాకు, మా వదిన సెయ్యి పట్టుకోనుంటే. నేనే అర్సినా, అన్నా దిగిరా అని. ఎవురో గాని ఆ పొద్దు అంతసేపు పట్టుకున్న్యారు ఆయప్పను.’

‘ఎవరో తెలియదా’ అన్నాను.

‘నాకెట్ల తెలుస్తాది? ఆయప్ప సెప్పల్య. నేనడగల్య’ అన్నది.

ఆ రోజు ఫోను ఎలా ముగిసిందో నాకు బాగానే జ్ఞాపకం ఉన్నది. ‘ఉండు ప్రజ్ఞా, ఈరమ్మ పిలుస్తోంది’ అన్నారు. తరువాత ఏమీ వినబడలేదు. భోజనానికి పిలిచి ఉంటుందనుకొని నేను కర్నూలు బస్సు ఎక్కాను. మరునాడు పోటీ ముగిసేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినప్పుడు ‘మధ్యాహ్నం, నిద్రలో’ అన్నారు. ఆ మాట ఎవరిది అని అడగాలని అప్పుడు నాకు తోచలేదు.

చిన్నమ్మ బతికి ఉన్నదనడానికి ఆధారంగా నేను చూపినది ఆ ఫోనే.

ఈరమ్మత్త మజ్జిగ ఇచ్చింది, తాగాను. బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. పొలాల్లో పత్తి ఏరుతున్నారు. అంతా చూశాను. చూసిందేదీ లోపలికి రాలేదు.

ప్రజ్ఞ

*

ఎమ్మిగనూరు,
డిసెంబరు 28

ప్రజ్ఞకు,

ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు కనుక రాస్తున్నాను.

ఆ ఉదయం ఆమెకు కాస్త తేలికగా ఉంది. గంజి తాగింది. ఫోను మోగితే నేను ఆపివేయబోయాను. పేరు చూసి ఆమె వద్దంది. ‘ఆ పాప ఊరికే చేయదు, రేపేదో పోటీ ఉందంట గదా. పోయి మాట్లాడుపో. నేనెక్కడికి పోతానప్పా ఈ మంచం ఇడిసి’ అన్నది. మిద్దె ఎక్కాను. నీవు మొదలుపెట్టావు. బాగా మాట్లాడావు. నవ్వాను. ఈరమ్మ పిలిచింది. దిగాను.

అంతే జరిగింది. దీనిని ఏ వైపు నుంచి చూసినా ఇంతకు మించి కనబడదు, చూశాను.

ఫోను నీదని ఎవరికీ చెప్పలేదు. ఎందుకో నీకు తెలుసు. మధ్యాహ్నం అని చెబితే నీ ఫోనుకూ దానికీ దూరం ఉంటుందనుకున్నాను. ధనుంజయ నోటి గురించి ఆలోచించలేదు. నీ సంగతి తెలిసి ఉండీ, నీవు వెదకకుండా ఊరుకుంటావనుకోవడం నా లెక్కలో పొరపాటు.

ఒక విషయం రాయాలి. నీవు ఫోను చేయకపోయినా ఆమె ఆ రోజే పోయేది. ఇది ఓదార్పు కాదు. డాక్టరు తరువాత చెప్పిన మాట. నేను పక్కనే ఉన్నా క్షణం చూసి ఉండేవాణ్ణి కాను. కుర్చీలో కూర్చొని పేపరు చదువుతూ ఉండేవాణ్ణి. రోజూ అదే చేసేవాణ్ణి.

ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. తరువాతా రాలేదు. మగ్గాల చప్పుడు వినబడుతుంది. అన్నం తింటాను. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఈరమ్మ అడిగితే చెప్పలేకపోతున్నాను. ఇది దుఃఖమో కాదో నాకు తెలియదు. దుఃఖమంటే ఏదో కదలాలి కదా.

నీకు ఇటువంటిది పట్టుకోకుండా చూడాలనుకున్నాను. నీ ఉత్తరం చివర చదివితే, పట్టుకున్నట్టే ఉంది.

తిథి గురించి ఇంకొక్క మాట. గంజి తాగినప్పుడు నవమి. ఈరమ్మ పిలిచినప్పుడు దశమి. మధ్యలో ఎప్పుడో. తెలియనిదానికి తెలిసినట్టు ఒక విలువ వేయడం నేను ఎన్నడూ చేయలేదు. నిన్ను ఆపడానికి మొన్న ఒకసారి దశమి అని వేశాను. దానిని కొట్టివేయి.

అన్నయ్యకు ఏమి చెబుతావో నీ ఇష్టం. నా పేరు వాడుకో. ఫోనులో ఎవరో శిష్యుడు మాట్లాడాడని చెప్పినా నేను కాదనను.

హయగ్రీవ

*

ఆదోని,
జనవరి 9

చిన్నాయనకు,

సభ జరిగింది. నేను మాట్లాడలేదు. మీరు ఇచ్చిన వివరాలు రాసిస్తే మా బృందంలోని శేఖర్ చదివాడు. బ్యానరు మార్చలేదు. చప్పట్లు కొట్టారు. ఇంతకుముందు అయితే లేచి నిలబడి ఉండేదాన్ని. కుర్చీలోనే కూర్చున్నాను.

నిన్న నాన్నకు చెప్పాను. మీ శిష్యుడు మాట్లాడాడని చెప్పలేదు. మీరు ఇచ్చిన ఆ దారి గురించి రెండు రోజులు ఆలోచించాను. ఆ దారిన పోతే చిన్నమ్మ చివరి మాట కూడా అసలు లేని శిష్యుడికి పోతుంది. ఆ మాట నన్ను గురించి అన్నది. దానిని వదులుకోలేను.

నాన్న పంచాంగం ముందు పెట్టుకొని కూర్చున్నారు. అమ్మ గుమ్మంలో ఉన్నది.

‘ఎవరు ఆ ఫోన్లో?’ అన్నారు.

‘నేను నాన్నా.’

ఆయన నన్ను చూడలేదు. పంచాంగం పుట తిప్పారు, మళ్ళీ వెనక్కి తిప్పారు. ఆ పుటలో వెదకడానికి ఏమీ లేదని మా ముగ్గురికీ తెలుసు.

‘నువ్వు మాట్లాడేటప్పుడేనా?’

‘అవును. మొదలుపెట్టినప్పుడు నవమి. ఆపినప్పుడు దశమి.’

‘పొమ్మని ఆమే చెప్పిందా వానికి?’

‘ఆమే చెప్పిందట.’

‘రెండు దినాలూ పెడతాం’ అన్నారు.

అమ్మకు అర్థం కాలేదు. ‘రెండు దినాలేమిటండీ? ఒక మనిషికి రెండు ఆబ్దికాలా? యాడన్నా ఉందా? మఠంలో తెలిస్తే నగరా?’ అన్నది.

‘నగనీలే సరస్వతీ. నలభై ఏండ్లు పిల్లోళ్ళకు సంస్కృతం చెప్పినా, శాస్త్రంలో ఏముందో నాకు తెలుసు. లేదు. యాడా లేదు. ముప్పై ఏండ్లు ఆ మనిషికి ఒక పూట పెట్టల్య మనం. రెండు పూటలు పెడితే ఎవరి సొత్తు పోతుంది?’

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెలు సర్దిన చప్పుడు వినబడింది. నేను ఏదో ఒకటి అనాలి. ఆయన మాటలో తర్కం లేదు. తప్పు తిథికి పెట్టినది చేరదని చెప్పిన మనిషే ఇప్పుడు ఒకటి తప్పని తెలిసి రెండూ పెడతానంటున్నాడు. పోయిన ఏడు అయితే ఈ పాటికి ఆయనను ముక్కలు చేసి ఉండేదాన్ని. ఆయన ఒక చేత్తో నా తల పక్కకు నెట్టారు. చిన్నప్పుడు అడ్డంగా నిలబడితే అలా నెట్టేవారు. నెట్టి, చేయి తీయలేదు.

తరువాత, ‘ఆబ్దికానికి పోయిన మనిషికి ఇష్టమైనది చేయాల. ఏమి ఇష్టమో వానికి రాసి అడుగు’ అన్నారు. అమ్మను అడిగాను. నన్ను నేను అడుక్కున్నాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

రాయండి.

ప్రజ్ఞ

*

ఎమ్మిగనూరు,
జనవరి 17

ప్రజ్ఞకు,

రెండు రోజులకూ వస్తాను. ధనుంజయనూ ఈరమ్మనూ పిలవవలసింది అన్నయ్య. నేను పిలవను. ఎక్కడ కూర్చోబెడతాడో ముందే ఆలోచించుకోమను. పడసాల అయితే వాళ్ళు రారు, నేనూ రాను.

ఆమెకు ఇష్టమైనది ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీలు. బొరుగులు గానీ, ఉల్లిగడ్డ గానీ మీ ఆబ్దికపు వంటింట్లోకి రావని నాకు తెలుసు. వడలూ పాయసమూ చేసుకోండి, ఆమె కాదనదు. కాని అడిగారు కనుక నిజం రాస్తున్నాను.

పెళ్ళైన కొత్తలో ఒకసారి నేను ఉగ్గాని చేశాను. చిన్నప్పటి అలవాటు పోక ఉల్లిగడ్డ వేయలేదు. ఆమె ఒక పిడికెడు నోట్లో వేసుకొని, ‘ఇది మీవాళ్ళ ఉగ్గాని. ఉత్త బొరుగులు తడిపి పెట్టినావు. నువ్వే తిను’ అని పళ్ళెం నా వైపు జరిపింది.

అన్నయ్య పట్టుబట్టి చేయదలచుకుంటే ఉల్లిగడ్డ లేకుండానే చేయమను. ఆమె పళ్ళెం జరుపుతుంది. జరపనీ.

హయగ్రీవ